మన ఊపిరికీ ఒక చరిత్ర ఉంది: ఇల్లెందు బొగ్గు నుంచి పాల్వంచ బూడిద దాకా



2024 ఆగస్టు 5న పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం పాత ప్లాంటుకు చెందిన ఎనిమిది కూలింగ్ టవర్లను పేలుడు పదార్థాలు అమర్చి కూల్చేశారు. ఆ వీడియో మీలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. మా హాస్టల్ పిల్లలు కూడా ఒక్క ఫోన్ చుట్టూ మూగి చూశారు. దశాబ్దాల పాటు మన దారికి గుర్తుగా నిలబడ్డ టవర్లు క్షణాల్లో నేలకూలాయి. వీడియో అయిపోయాక ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె, "మేడం, ఇక మనకు పొగ లేనట్టేనా?" అని అడిగింది.

ఆ టవర్ల నుంచి వచ్చేది పొగ కాదు, నీటి ఆవిరి అని చెప్పాం. యంత్రాలు చల్లబడటానికి వాడిన వేడినీళ్ళను చల్లార్చే కట్టడాలవి. పొగ వచ్చేది పక్కనున్న సన్నటి, పొడవాటి చిమ్నీ నుంచి. ఇన్నేళ్ళుగా మనలో చాలామంది ఆవిరిని చూసి పొగ అనుకున్నాం, అసలు పొగను మాత్రం గమనించలేదు. ఆ అమ్మాయి ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పాలంటే నూటయాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఈ వ్యాసం ఆ జవాబే.

కాలిన పొయ్యి రాయి

ఇల్లెందు వైపు పెద్దలు ఒక కథ చెబుతారు. 1870 ప్రాంతంలో భద్రాచలం రాముడి దర్శనానికి నడిచి వెళ్తున్న యాత్రికులు అడవిలో ఆగి, దొరికిన నల్లరాళ్ళతో పొయ్యి పెట్టుకున్నారట. అన్నం ఉడికేలోగా రాళ్ళే అంటుకుని మండాయట. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ తర్వాత జరిగింది మాత్రం రికార్డుల్లో ఉంది. 1871లో భారత భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. ఆ ఊరిని జనం 'బొగ్గుట్ట' అన్నారు. దగ్గరలోని సింగరేణి అనే చిన్న ఊరి పేరు 1920లో కంపెనీ పేరయింది. 1937లో కొత్తగూడెంలో గనులు తెరిచారు. ఆ తర్వాత గోదావరి లోయ పొడవునా బొగ్గు బయటపడుతూనే ఉంది.

ఈ కథను ఎవరు చెప్పినా రాయి దగ్గర మొదలుపెట్టి, కంపెనీ దగ్గర ఆపేస్తారు. ఆ రాయి దొరికిన అడవిలో అప్పటికే కోయ గూడేలున్నాయి. అక్కడ వాగులకు, గుట్టలకు మన పేర్లున్నాయి, ఇలవేల్పులున్నారు. ఈనాటికీ భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జనంలో మూడో వంతుకు పైగా గిరిజనులే. బొగ్గు చరిత్రలో టన్నుల లెక్క ఉంది, రైలు లెక్క ఉంది. ఆ గాలి పీల్చిన వాళ్ళ లెక్క మాత్రం లేదు.

ముందు మన ఇంటి పొగ

చిమ్నీ గురించి మాట్లాడే ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. మన ప్రాంతంలో మనిషి పీల్చిన మొదటి పొగ ఇంటి పొయ్యిదే.

ఆ పొగను మన పెద్దలు తెలియక ఉంచుకోలేదు. దానితో పని ఉండేది. పొయ్యి మీద వేలాడదీసిన మొక్కజొన్న కంకులకు పురుగు పట్టదు. గడ్డి కప్పుకు చెద పట్టదు. దోమలు రావు. చలికాలంలో ఇల్లంతా వెచ్చగా ఉంటుంది. విత్తనం దాచుకోవడానికి పొగ ఒక సాధనం.

ఆ సాధనం ఆడవాళ్ళ దగ్గర గట్టి ధరే తీసుకుంది. మా మేనత్త జీవితంలో ఒక్క చుట్ట కూడా తాగలేదు. నలభై దాటాక వాగు దగ్గర్నుంచి బిందె మోసుకొస్తూ రెండు చోట్ల ఆగేది. తర్వాత నాలుగు చోట్ల. రాత్రిళ్ళు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేది. ఛాతీలో పిల్లికూతలు బయటికి వినిపించేవి. గాలి సోకిందన్నారు, మంత్రం వేయించారు. చివరికి పట్నంలో డాక్టరు చూసి, "ఎన్నేళ్ళ నుంచి కట్టెల పొయ్యి మీద వండుతున్నావమ్మా?" అని అడిగాడు. ఆమె దమ్ముకు పొయ్యికి సంబంధం ఉందని మా ఇంట్లో మొదటిసారి తెలిసింది ఆ రోజే. ఆమె ఊపిరితిత్తులు అప్పటికే పాడైపోయాయి.

2019లో మన దేశంలో గాలి కాలుష్యం వల్ల సుమారు 16.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అందులో ఇంటిలోపలి పొగ వల్ల పోయిన ప్రాణాలు ఆరు లక్షలకు పైగా. పట్టణాల్లో మోటారు బళ్ళ పొగ అందరికీ కనిపిస్తుంది కాబట్టి దాని గురించే మాట్లాడతారు. గడప లోపలి పొగ ఆడవాళ్ళకు, వాళ్ళ చంకలోని పసిపిల్లలకు మాత్రమే తెలుసు.

వేసవిలో పోడు నరికిన చోట పెట్టే మంటలు, తునికాకు చిగురు కోసం పెట్టే మంటలు కూడా ఈ లెక్కలోవే. అవి కొద్ది రోజుల మంటలే. అయినా ఆ రోజుల్లో లోయలో పొగ కమ్ముకుంటుంది. మన వైపు లెక్క మనం ముందు చెబితేనే ఎదుటివాళ్ళ లెక్క అడగగలం.

చట్టం కంటే ముందు వచ్చిన చిమ్నీ

1966లో పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ నడవడం మొదలైంది. బొగ్గు సింగరేణిది, నీళ్ళు కిన్నెరసానివి. 1970ల చివరికి ఆ పాత ప్లాంటు 720 మెగావాట్లకు చేరింది. ఆ కరెంటుతో ఎన్నో పట్టణాల్లో దీపాలు వెలిగాయి, పరిశ్రమలు నడిచాయి. మన ప్రాంతంలో కొందరికి ఉద్యోగాలూ వచ్చాయి. దాన్ని కాదనలేం.

ఇప్పుడు ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. దేశంలో గాలి కాలుష్య నివారణ చట్టం వచ్చింది 1981లో. భోపాల్ విషవాయువు దుర్ఘటన జరిగింది 1984లో. పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది 1986లో. పెద్ద ప్రాజెక్టులకు ముందుగా పర్యావరణ ప్రభావం అంచనా వేయాలన్న నిబంధన 1994లో, ప్రజల అభిప్రాయం వినాలన్న నిబంధన 1997లో వచ్చాయి. థర్మల్ కేంద్రాల బూడిదను ఏం చేయాలో చెప్పే నోటిఫికేషన్ 1999లో వచ్చింది. అంటే పాల్వంచలో చిమ్నీ లేచిన పదిహేనేళ్ళకు గాలి చట్టం, ముప్పై ఏళ్ళు దాటాక 'మీరేమంటారు?' అని ఊరిని అడిగే నిబంధన వచ్చాయన్నమాట. మన తాతలు అభ్యంతరం చెప్పలేదని అనేవాళ్ళున్నారు. వాళ్ళను అసలు ఎవరూ అడగలేదు.

మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ. వంద కిలోలు కాలిస్తే 30 నుంచి 45 కిలోల దాకా బూడిద మిగులుతుంది. చిన్న లెక్క చేద్దాం. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 650 గ్రాముల బొగ్గు కావాలి. వెయ్యి మెగావాట్ల కేంద్రం ఒక రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే 2 కోట్ల 40 లక్షల యూనిట్లు. దానికి పదిహేను వేల టన్నులకు పైగా బొగ్గు. అందులో బూడిద నాలుగున్నర వేల టన్నులకు తక్కువ కాదు. ఇది ఒక్క రోజు లెక్క.

ఇందులో ఎక్కువ భాగం పిండి లాంటి సన్నటి బూడిద. చిమ్నీ ముందు అమర్చే యంత్రం సరిగా పనిచేస్తే నూటికి తొంభై తొమ్మిది వంతులు పట్టేస్తుంది. పట్టిన బూడిద చెరువుల్లోకి, అక్కడి నుంచి సిమెంటుకు, ఇటుకలకు, రోడ్లకు పోతుంది. ఆ చెరువులు వేసవిలో ఎండితే గాలిదుమారానికి బూడిద మళ్ళీ లేస్తుంది. ఆరేసిన బట్టలమీద, మంచం మీద, కుండ మూత మీద తెల్లటి పొర పడుతుంది. ఇక గంధకపు వాయువులు బూడిద పట్టే యంత్రానికి దొరకవు. అవి గాలిలో కలిసి, దూరం పోయి, అక్కడ మళ్ళీ సన్నటి కణాలుగా మారతాయి.

పాత ప్లాంటు పోయింది. దాని పక్కనే ఐదో దశ, 2011లో ఆరో దశ, 2018లో ఏడో దశ వచ్చాయి. మణుగూరు, పినపాక వైపు 1080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రం 2020 నుంచి 2022 లోపు నడవడం మొదలైంది. పర్యావరణ అనుమతి లేకుండా పనులు మొదలుపెట్టారన్న కేసు 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు వెళ్ళింది. 2017లో అనుమతి వచ్చింది. కాబట్టి మా హాస్టల్ అమ్మాయికి మేం చెప్పాల్సిన జవాబు ఇది: టవర్లు పోయాయి తల్లీ, బొగ్గు మంట పోలేదు.

గని దుమ్ము, రోడ్డు దుమ్ము

భూగర్భ గనిలో దుమ్ము కార్మికుడి ఛాతీలోకి పోయేది. బొగ్గు దుమ్ము ఏళ్ళ తరబడి పేరుకుంటే న్యుమోకోనియోసిస్, రాతి దుమ్ము పేరుకుంటే సిలికోసిస్ అనే జబ్బులు వస్తాయి. ఒకసారి ఊపిరితిత్తి గట్టిపడితే మందుతో మెత్తబడదు. సిలికోసిస్ ఉన్నవాళ్ళకు క్షయ సోకే ప్రమాదం కూడా ఎక్కువ. అందుకే గని చట్టం ఈ జబ్బులను గుర్తించింది, కార్మికులకు నిర్ణీత కాలానికోసారి వైద్య పరీక్ష చేయాలంది.

1970ల నుంచి ఓపెన్‌కాస్ట్ గనులు పెరిగాయి. కొండంత మట్టి తీసి పక్కన పోస్తారు, బ్లాస్టింగ్ చేస్తారు, పెద్ద డంపర్లు తిరుగుతాయి, లారీలు బొగ్గు మోస్తాయి. భూమిలోపల ఉన్న దుమ్ము ఊరిమీదికి వచ్చింది. గని లోపల పనిచేసేవాడికి కనీసం పరీక్ష ఉంది. లారీలు పోయే రోడ్డు పక్కన కొట్టు పెట్టుకున్న అక్కకు, ఆ రోడ్డు మీద బడికి నడిచే పిల్లకు ఏ పరీక్షా లేదు.

ఒంట్లో ఏం జరుగుతుంది

మనిషి వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు. పది మైక్రాన్ల లోపు కణాన్ని పీఎం 10 అంటారు, రెండున్నర లోపు కణాన్ని పీఎం 2.5 అంటారు. పెద్ద దుమ్మును ముక్కు, గొంతు ఆపుతాయి, తుమ్ముతోనో తెమడతోనో బయటికి పంపుతాయి. పీఎం 2.5 మాత్రం ఊపిరితిత్తి చివరి గాలి సంచుల దాకా వెళ్తుంది. అందులో మరీ సన్నవి నెత్తురులోకీ దిగుతాయి. అందుకే గాలి కాలుష్యం దగ్గుతో ఆగదు. గుండెపోటు, పక్షవాతం కూడా దాని ఫలితాలే. గర్భిణి పీల్చిన పొగ వల్ల బిడ్డ బరువు తక్కువతో పుట్టవచ్చు. పసిపిల్లలు పెద్దవాళ్ళకంటే వేగంగా ఊపిరి తీస్తారు, వాళ్ళ ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూ ఉంటాయి. కాబట్టి అదే గాలి వాళ్ళకు ఎక్కువ చెడు చేస్తుంది.

ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 ఐదు మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశపు పరిమితి 40. అంటే మన చట్టం ప్రకారం 'బాగున్న' గాలి కూడా ఆ సంస్థ చెప్పినదానికి ఎనిమిదింతలు ఉండవచ్చు.

లెక్కలోకి రాని గాలి

2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైంది. అది నగరాల కోసం. తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్గొండ, సంగారెడ్డి దాని జాబితాలోకి వచ్చాయి. బొగ్గు తవ్వే ఊళ్ళు, బొగ్గు కాల్చే ఊళ్ళు రాలేదు. థర్మల్ కేంద్రాలు గంధకపు వాయువు తగ్గించాలని కేంద్రం 2015లో నిబంధనలు పెట్టింది. గడువు 2017. అది మళ్ళీ మళ్ళీ జరిగింది. 2025 జూలైలో, పది లక్షల జనాభా దాటిన నగరాలకు దగ్గర్లో లేని కేంద్రాల్లో ఎక్కువ వాటికి ఆ యంత్రాలు పెట్టడం నుంచి మినహాయింపు ఇచ్చారు. మన బొగ్గులో గంధకం తక్కువని ప్రభుత్వం చెప్పిన కారణం. ఆ మాటలో నిజం ఉంది. కానీ నగరానికి ఎంత దూరం అనేదాన్ని బట్టి ఊపిరికి విలువ కట్టడం మనకు కొత్త కాదు.

భూమి విషయంలో మనం ఒక పాఠం నేర్చుకున్నాం. 1/70 చట్టం గానీ, 2006 అటవీ హక్కుల చట్టం గానీ కాగితం చూపించిన వాళ్ళకే పనికొచ్చాయి. పోడు పట్టా కోసం తాతల నాటి రసీదులు, పాత చెట్ల గుర్తులు, పెద్దల సాక్ష్యాలు మూటకట్టుకుని తిరిగాం. ఊపిరికి అలాంటి మూట ఏదీ? మా మేనత్త దమ్ము ఏ రిజిస్టరులోనూ లేదు. ఆమె చావు 'వయసు మీద పడి' అని రాసుకున్నారు. అప్పటికి ఆమెకు అరవై కూడా నిండలేదు.

ఆ బాధతోనే మేం హాస్టల్లో ఒక నోటుబుక్కు మొదలుపెట్టాం. పిల్లలకు దగ్గు, ఆయాసం వచ్చిన తేదీ, వాళ్ళ ఊరు, ఇంట్లో గ్యాసా కట్టెల పొయ్యా, ఇల్లు లారీల రోడ్డుకు దగ్గరా దూరమా. అంతే. దీన్ని పరిశోధన అనం. అయినా రెండు చలికాలాలు రాసేసరికి ఒక సంగతి కంటబడింది. సంక్రాంతి సెలవులయ్యాక తిరిగొచ్చిన వారంలోనే దగ్గు మందు కోసం వరస పెరుగుతోంది. ఆ పిల్లల్లో ఎక్కువమంది కట్టెల పొయ్యి ఇళ్ళవాళ్ళు, లారీల రోడ్డు ఊళ్ళవాళ్ళు. చలికాలంలో పొగ, దుమ్ము పైకి లేవకుండా నేలకు దగ్గరగా ఉండిపోతాయి. ఆ నోటుబుక్కు చూపించాకే ఆరోగ్య కేంద్రం డాక్టరు మా పిల్లల ఛాతీ విడిగా పరీక్షించడానికి వచ్చారు. అంతకుముందు నోటిమాటగా చెప్పినప్పుడు, "చలికాలం దగ్గే కదా మేడం" అని పంపేసేవారు.

మనం చేయగలిగింది

పాల్వంచ మండలంలోనే పునుకుల అనే ఊరుంది. పత్తి మీద పురుగుమందులు కొట్టి కొట్టి అప్పులపాలై, మందు గాలికి ఒళ్ళు పాడుచేసుకున్న ఊరది. 2000ల మొదట్లో ఆ ఊరివాళ్ళు కూడబలుక్కుని పురుగుమందులు మానేశారు. వేపగింజల కషాయం లాంటి పద్ధతులకు మళ్ళారు. దేశమంతా ఆ ఊరి పేరు చెప్పుకుంది. అందులో మహిళా సంఘాల పాత్ర పెద్దది. మన పక్క ఊరు చేసిన పనిని మనం ఎందుకు చేయలేం?

మీరు ఫోన్లు వాడటం తెలిసినవాళ్ళు, డిగ్రీలు చదువుతున్నవాళ్ళు. ఈ నాలుగు పనులు మీ చేతిలో ఉన్నాయి.

మొదటిది ఇంట్లో. ఉజ్వల పథకం 2016లో వచ్చింది, చాలా ఇళ్ళకు సిలిండరు చేరింది. రెండోసారి నింపించడానికి డబ్బుల్లేక మూలన పెట్టిన ఇళ్ళూ చాలానే ఉన్నాయి. మీ మొదటి జీతంలో అమ్మకు చీర కొనే ముందు సిలిండరు నింపించండి. అది కుదరనప్పుడు పొయ్యి ఇంటి బయట చావిడిలోకి మార్చండి, పొగ పోయే దారి పెట్టండి. పొయ్యి దగ్గర పసిపిల్లను కూర్చోబెట్టనివ్వకండి.

రెండోది రాయడం. మీ గూడెంలో దమ్ము, విడవని దగ్గు ఉన్నవాళ్ళ వివరాలు వాళ్ళ ఒప్పుకోలుతో రాయండి. ఏ వయసు, ఏ పని చేశారు, ఎన్నేళ్ళు, ఏ పొయ్యి. రెండు వారాలు దాటిన దగ్గైతే క్షయ పరీక్షకు తీసుకెళ్ళండి. గనిలో పనిచేసి వచ్చిన తాత ఉంటే, ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

మూడోది అడగడం. మీ ప్రాంతంలో కొత్త గని గానీ, ప్లాంటు గానీ వస్తే ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం ముప్పై రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. అది చదివి వెళ్ళండి. ఇప్పటికే నడుస్తున్న వాటి గాలి కొలతల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.

నాలుగోది గ్రామసభ. పెసా చట్టం 1996 నుంచి ఉంది. రోడ్డు మీద నీళ్ళు చల్లడం, లారీలకు టార్పాలిన్ కప్పడం, బూడిద చెరువు ఎండిపోకుండా తడిపి ఉంచడం చిన్న కోరికలే. వాటిని నోటితో కాకుండా తీర్మానంగా రాసి, నకలు దగ్గర పెట్టుకోండి.

భూమి పండుగ నాడు విత్తనం చల్లే ముందు మన పెద్దలు భూమికి, నీటికి, అడవికి మొక్కుతారు. వాళ్ళు గాలిని విడిగా తలచుకోవాల్సిన అవసరం అప్పట్లో రాలేదు. ఇప్పుడు వచ్చింది.

ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు పదో తరగతిలోకి వచ్చింది. ఆ నోటుబుక్కు రాసే పని ఈ ఏడాది ఆమెదే. మొన్న సెలవులకు వెళ్ళేటప్పుడు ఒక ఖాళీ నోటుబుక్కు ఇంటికి తీసుకెళ్తానని అడిగింది. వాళ్ళ నాన్నమ్మ పేరు మొదటి వరసలో రాస్తానంది.